దద్దుర్లకు మత్తు లేని మాత్ర: మనం తెలుసుకోవలసిన జాగ్రత్తలు

(మన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడు ఏదైనా ఆరోగ్య విషయం మీద మాట్లాడమని కార్యదర్శిగారు అడిగినప్పుడు మేము కొంచెం వెనకాడాము. మేము డాక్టర్లం కాము. ఉర్దూ మీడియం బడిలో లెక్కలు, సైన్సు చెప్పుకునే ఉపాధ్యాయులం. మా తెలుగు కూడా సగం వీధిలో నేర్చినది, సగం వార్తాపత్రికల్లో నేర్చినది. తప్పులుంటే మన్నించండి. అయితే కార్యదర్శిగారు, "మాస్టర్ సాబ్, డాక్టర్లు చెబితే మనవాళ్ళు తల ఊపి మరిచిపోతారు. మీరు చెబితే పాఠంలా వింటారు" అన్నారు. సరే, పాఠంలాగే చెబుతాము. ఈ కాగితాన్ని మన ఊరి చర్మవైద్యులొకరికి చూపించి, ఆయన దిద్దిన తర్వాతనే ఇక్కడికి తెచ్చాము.

విషయం చూడటానికి చిన్నది. ఒంటి మీద లేచే దద్దుర్లు, ఎడతెగని తుమ్ములు, వాటికి వేసుకునే మాత్ర. మన ఇళ్ళలో "పిత్తీ లేచింది" అంటామే, అదే. ప్రతి ఇంట్లోనూ బీరువా మీద డబ్బాలోనో, పాత మందుల చీటీల మధ్యనో ఆ మాత్రల షీటు ఒకటి ఉంటుంది. ఇంత చిన్న మాత్ర గురించి సభలో చెప్పేదేముంది అని మీకనిపించవచ్చు. మాకూ అలాగే అనిపించేది, ఒక కుర్రవాడి సంగతి తెలిసేదాకా.

కొన్నేళ్ళ కిందటి మాట. మా ఏడో తరగతిలో ఒక కుర్రవాడు. ఐదు, ఆరు తరగతుల్లో లెక్కలు బాగా చేసేవాడు. ఏడులోకి వచ్చాక మొదటి రెండు పీరియడ్లూ నిద్రే. బోర్డు మీద లెక్క రాసి వెనక్కి తిరిగితే వాడి తల బల్ల మీద ఉండేది. రెండు సార్లు బెంచీ మీద నిలబెట్టాము. మూడోసారి కోపం ఆపుకోలేక "నిద్రమొద్దు" అన్నాము. తరగతంతా నవ్వింది. ఆ మర్నాటి నుంచి పిల్లలందరూ వాణ్ణి అదే పేరుతో పిలవసాగారు. వాడు లెక్కలే కాదు, మాటలు కూడా తగ్గించేశాడు.

అర్ధసంవత్సర పరీక్షలో వాడికి లెక్కల్లో పాసు మార్కులు రాలేదు. తల్లిని పిలిపించాము. ఆమె కుట్టుమిషను మీద బట్టలు కుట్టి ఇల్లు నడిపే మనిషి. "రాత్రిళ్ళు ఫోను చూస్తున్నాడా అమ్మా?" అని అడిగాము. ఆమె కొంగు ముడి విప్పి చిన్న కాగితం పొట్లం తీసింది. అందులో పసుపుపచ్చని బుల్లి మాత్రలు.

"లేదు సార్, ఫోను ఎక్కడిది? వాడికి ఒళ్ళంతా పిత్తీ లేస్తుంది. గీరుకుని గీరుకుని నెత్తురొస్తుంది. షాపతను ఇవి ఇచ్చాడు. పొద్దునొకటి, రాత్రొకటి వేస్తున్నా. ఐదు నెలలైంది."

ఆ మాత్ర పేరు క్లోర్‌ఫెనిరమిన్. పాతకాలపు అలర్జీ మాత్ర. దద్దుర్లను అణుస్తుంది గానీ మనిషిని మత్తులో ముంచుతుంది. రాత్రి వేసినదాని మత్తు పొద్దున కూడా పూర్తిగా దిగదు. దాని మీద పొద్దున ఇంకొకటి. అంటే ఆ బిడ్డ ఐదు నెలల పాటు సగం నిద్రలో బడికి వచ్చాడు. మేము వాణ్ణి బెంచీ ఎక్కించాము! ఆ రోజు ఇంటికి వెళ్ళాక అన్నం సయించలేదు.

ఆ తర్వాతనే మేము ఈ మాత్రల గురించి చదవటం, డాక్టర్లను అడగటం మొదలుపెట్టాము. తెలుసుకున్నది మీ ముందు పెడుతున్నాము.

దద్దుర్లు ఎందుకు లేస్తాయి?

మన చర్మం లోపల, ముక్కులో, గొంతులో కాపలా కాసే కణాలు కొన్ని ఉంటాయి. వాటి సంచుల్లో హిస్టమిన్ అనే పదార్థం నిలవ ఉంటుంది. ఒంటికి శత్రువు వచ్చిందని తోచగానే అవి ఆ సంచులు విప్పుతాయి. హిస్టమిన్ తగిలితే సన్నని రక్తనాళాలు వెడల్పవుతాయి, వాటిలోని నీరు చర్మంలోకి ఊరుతుంది. అందుకే ఎర్రగా, ఉబ్బుగా, దురదగా దద్దురు లేస్తుంది. ముక్కులో అదే జరిగితే తుమ్ములు, నీళ్ళు కారటం. చిక్కేమిటంటే ఈ కాపలాదారు ఒక్కోసారి పిల్లిని చూసి దొంగ అని ఈల వేస్తాడు. దుమ్ము, పుప్పొడి, రొయ్య, వేరుశెనగ, గుడ్డు, తేనెటీగ కుట్టటం, పెన్సిలిన్, కొందరికి నొప్పి మాత్రలు ఇలా ఈల వేయించేవే. పిల్లల్లో మామూలు జలుబు, జ్వరం తర్వాత కూడా దద్దుర్లు రావటం చాలా సాధారణం.

ఒక గుర్తు చెబుతాము, పిల్లలకు చెప్పినట్లే. దద్దురు చుట్టూ పెన్నుతో గీత గీయండి. అది మామూలు దద్దురైతే 24 గంటల లోపల ఆ చోటు నుంచి మాయమవుతుంది. వేరే చోట కొత్తది లేవవచ్చు, అది వేరే సంగతి. ఒకే చోట 24 గంటలు దాటి ఉండిపోయినా, దురద కంటె నొప్పి ఎక్కువగా ఉన్నా, తగ్గాక కమిలిన మచ్చ మిగిలినా అది వేరే జబ్బు కావచ్చు. మాత్రతో సరిపెట్టుకోక డాక్టరుకు చూపించాలి.

ఆరు వారాల లోపు తగ్గితే తాత్కాలికం, దాటితే దీర్ఘకాలికం అంటారు. దీర్ఘకాలిక దద్దుర్లలో చాలామందికి బయటి కారణం ఏదీ దొరకదు. తిండి కారణం కావటం అరుదు. మన పెద్దమ్మలు వంకాయ మాన్పించి, గుడ్డు మాన్పించి, చేప మాన్పించి, చివరికి బిడ్డకు చారూ అన్నమూ మిగులుస్తారు. డాక్టరు చెప్పకుండా ఇన్ని పథ్యాలు పెడితే పిల్లలు చిక్కిపోతారు. ఇంకొక మాట. ఇది అంటురోగం కాదు. ఒకే పళ్ళెంలో తిన్నంత మాత్రాన రాదు. పెళ్ళి సంబంధాలప్పుడు ఆడపిల్లకు దద్దుర్లున్నాయని దాచిపెట్టి, ఆ బెంగతో వైద్యం కూడా చేయించని ఇళ్ళు మాకు తెలుసు. దాచవలసిన పాపం కాదిది. చాలామందికి కొన్నేళ్ళలో దానంతట అదే నెమ్మదిస్తుంది.

పాత మాత్ర, కొత్త మాత్ర

హిస్టమిన్‌ను 1910లో ఇంగ్లండులో హెన్రీ డేల్, పాట్రిక్ లెయిడ్‌లా అనే శాస్త్రజ్ఞులు పరిశోధించి, అది ఒంట్లో చేసే పనిని వివరించారు. దాన్ని అడ్డుకునే మందుకు 1937లో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో డేనియల్ బోవే దారి తీశాడు. 1957లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ దారిలో వచ్చినవే క్లోర్‌ఫెనిరమిన్, ఫెనిరమిన్ వంటి పాత మాత్రలు. అవి పని చేస్తాయి, సందేహం లేదు. కాని హిస్టమిన్‌కు మెదడులో ఇంకొక ఉద్యోగం ఉంది. మనల్ని మెలకువగా ఉంచే వాటిలో అదీ ఒకటి. పాత మందులు మెదడులోకి సులువుగా జొరబడి ఆ మెలకువను కూడా ఆపేస్తాయి. అదే మత్తు. నోరు ఎండటం, మలబద్ధకం కూడా వస్తాయి. వయసు మళ్ళినవారికి మూత్రం బిగుసుకుపోవటం, తికమక పడటం, తూలి పడటం కూడా ఉంటాయి.

కొత్త తరం మాత్రలు మెదడులోకి చాలా తక్కువగా వెళ్ళేవి. వీటినే మత్తు లేని మాత్రలంటున్నాము. సెట్రిజిన్, లెవోసెట్రిజిన్, లోరటడిన్, ఫెక్సోఫెనడిన్ ఇందులోవి. ఇవేమీ నిన్న మొన్నటివి కావు. అమెరికాలో లోరటడిన్‌కు 1993లో, సెట్రిజిన్‌కు 1995లో, ఫెక్సోఫెనడిన్‌కు 1996లో అనుమతి వచ్చింది.

మత్తు లేని మాత్ర అన్నాం గదా అని అందరికీ, అన్నిటికీ మత్తు సున్నా అనుకోకండి. సెట్రిజిన్ 10 మి.గ్రా. పెద్దలకు ఇచ్చి చూసిన పరీక్షల్లో నూటికి సుమారు 14 మందికి మగత వచ్చింది. మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో నూటికి 6గురికి వచ్చింది. అంటే కొద్దిమందికి తప్పకుండా నిద్ర వస్తుంది. లోరటడిన్‌తో తక్కువ, ఫెక్సోఫెనడిన్‌తో మరీ తక్కువ. మరి మీరు ఏ కోవలోని వారో ఎలా తెలుస్తుంది? మొదటి మాత్ర సెలవు దినానికి ముందు రాత్రి వేసుకుని చూడండి. ఆటో, లారీ నడిపేవారు, కోత మిషను దగ్గర, వెల్డింగు దగ్గర నిలబడేవారు, మేడల మీద సెంట్రింగ్ పని చేసేవారు ఈ ఒక్క మాట మరువవద్దు. తాగుడు అసలే కూడదు, ఈ మాత్రలతో కలిస్తే మత్తు పెరగవచ్చు.

చదువుకునే పిల్లల సంగతి కూడా చెప్పాలి. ఇంగ్లండులో పుప్పొడి అలర్జీ ఉన్న పిల్లల పరీక్ష మార్కులను పరిశీలించి 2007లో ఒక వ్యాసం వెలువరించారు. చలికాలపు పరీక్ష కంటె వేసవి పరీక్షలో గ్రేడు దిగజారినవారిలో అలర్జీతో బాధపడేవారు ఎక్కువ. మత్తు కలిగించే మాత్రలు వేసుకునేవారు ఇంకా ఎక్కువ. చూశారా? జబ్బును వదిలేసినా నష్టమే, తప్పు మాత్ర వేసినా నష్టమే. మా తరగతిలో జరిగింది కూడా ఇదే.

కొత్త మాత్రల చరిత్రలో ఒక హెచ్చరిక ఉంది. మత్తు లేని మాత్రల్లో మొట్టమొదట పేరొచ్చినది టర్ఫెనడిన్. 1985లో అమెరికాలో అనుమతించారు, కోట్ల మంది వాడారు. తర్వాత తెలిసిందేమంటే, ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌తోనో, కెటోకొనజోల్ అనే తామర మందుతోనో కలిపి వేసుకుంటే కాలేయం దాన్ని కరిగించలేక, ఒంట్లో పేరుకుపోయి గుండె కొట్టుకోవటం అదుపు తప్పుతోందని. కొందరు చనిపోయారు. 1998 నాటికి దాన్ని అక్కడి మార్కెట్ నుంచి తీసేశారు. ఆ టర్ఫెనడిన్ మన కాలేయంలో మారి ఏర్పడే మంచి పదార్థమే ఫెక్సోఫెనడిన్. దానికి ఆ గుండె దోషం లేదు. కథ సుఖాంతమే గానీ పాఠం మిగిలింది. ఒంటరిగా మంచిదైన మాత్ర, ఇంకొక మాత్ర పక్కన చేరితే మంచిదిగానే ఉంటుందని నమ్మకం లేదు. కనుక డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు మీరు వాడే మందులన్నీ, హకీంగారిచ్చిన పొడులతో సహా, ఒక సంచీలో వేసుకుని వెళ్ళండి.

ఎంత, ఎప్పుడు, దేనితో?

పెద్దవారికి మామూలు మోతాదు రోజుకు ఒకే మాత్ర. సెట్రిజిన్ 10 మి.గ్రా., లెవోసెట్రిజిన్ 5 మి.గ్రా., లోరటడిన్ 10 మి.గ్రా. ఫెక్సోఫెనడిన్ తుమ్ములకు 120, దద్దుర్లకు 180 మి.గ్రా. వీటిలో ఏదో ఒకటి. రెండు కాదు. ఒకటి రెండు గంటల్లో పని మొదలవుతుంది, రోజంతా ఉంటుంది. అరగంటలో దురద తగ్గలేదని రెండోది మింగకూడదు. దీర్ఘకాలిక దద్దుర్లలో చర్మవైద్యులు ఒక్కోసారి మోతాదును నాలుగింతల దాకా పెంచుతారు. అది నిజమే. కాని అది వారు మనిషిని చూసి, మూత్రపిండాలు చూసి చేసే నిర్ణయం. పక్కింటి వదినగారు చెప్పారని మనం చేసే పని కాదు.

రంజాన్ నెలలో మమ్మల్ని ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. రోజుకొక మాత్ర కనుక రోజాకు అడ్డం రాదు. సహరీలోనో, ఇఫ్తార్ తర్వాతనో వేసుకోవచ్చు. మగత వచ్చేవారు తరావీహ్ నమాజు ముగించి, పడుకోబోయే ముందు వేసుకుంటే మేలు. అయితే ఇక్కడొక మెలిక ఉంది, జాగ్రత్తగా వినండి. ఫెక్సోఫెనడిన్‌ను పండ్లరసంతో వేసుకోకూడదు. బత్తాయి కుటుంబపు కమలా, ఆపిల్ వంటి రసాలు ఆ మందును పేగుల్లోంచి ఒంట్లోకి పోనివ్వవు. ఇఫ్తార్‌లో గ్లాసుడు రసం చేతిలో ఉంటుంది, దానితోనే మాత్ర మింగుతాము. మర్నాడు "ఈ మాత్ర పని చేయట్లేదు" అని షాపువాణ్ణి తిడతాము! దాన్ని మంచినీళ్ళతోనే మింగాలి. రసానికీ దానికీ కొన్ని గంటల ఎడం ఉండాలి. అలాగే కడుపులో మంటకు తాగే అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న తెల్ల మందుకూ దీనికీ కనీసం రెండు గంటల ఎడం ఉంచాలి.

పిల్లలకు సిరప్పు ఇచ్చేటప్పుడు వంటింటి చెంచా వాడవద్దు. సీసాతో వచ్చిన కొలమూతతోనో, సూది లేని సిరంజితోనో కొలవండి. ఒక కంపెనీ సిరప్పులో ఉన్నంత బలం ఇంకొకదానిలో ఉండాలని లేదు. అందువల్ల సీసా మారితే డాక్టరు చీటీ మళ్ళీ చూసుకోవాలి. రెండేళ్ళ లోపు బిడ్డలకు డాక్టరు చెప్పకుండా ఏ అలర్జీ మందూ పోయకండి. రాత్రి నిద్రపోవటం లేదని బిడ్డకు పాత రకం సిరప్పు పోసి పడుకోబెట్టే అలవాటు కొన్ని ఇళ్ళలో ఉంది. దయచేసి మానండి. అది నిద్ర కాదు, మత్తు.

ఎవరెవరు ముందుగా అడగాలి?

మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మొదట. సెట్రిజిన్, లెవోసెట్రిజిన్ ఎక్కువగా మూత్రం ద్వారా బయటికి పోతాయి. మూత్రపిండాలు మందగిస్తే మందు ఒంట్లో నిలిచిపోతుంది, మగత పెరుగుతుంది. వారికి మోతాదు తగ్గించాలి, కొందరికి అసలు ఇవ్వకూడదు. మనలో చాలా ఏళ్ళుగా షుగరు ఉన్న పెద్దలు ఎందరో. వారు తమ క్రియాటినిన్ ఎంతో తెలుసుకుని మాత్ర అడగాలి. ఫెక్సోఫెనడిన్ విషయంలోనూ మూత్రపిండాల సంగతి చెప్పాలి. కాలేయం చెడినవారు లోరటడిన్‌కు ముందు అడగాలి.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు సొంతంగా ఏదీ మొదలుపెట్టరాదు. సాధారణంగా వైద్యులు వారికి లోరటడిన్, సెట్రిజిన్ వంటి బాగా పరిచయమున్న మందులనే ఎంచుకుంటారు. ఎంపిక మాత్రం వారిదే. అలర్జీ చర్మ పరీక్షకు వెళ్ళేవారు ఎన్ని రోజుల ముందు మాత్ర ఆపాలో అడిగి తెలుసుకోవాలి. మాత్ర ఒంట్లో ఉంటే పరీక్ష ఫలితం తప్పుగా వస్తుంది.

ఇంకొక కొత్త సంగతి. 2025 మే నెలలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఒక హెచ్చరిక ఇచ్చింది. సెట్రిజిన్ గాని, లెవోసెట్రిజిన్ గాని నెలలు, ఏళ్ళ తరబడి రోజూ వాడి ఒక్కసారిగా ఆపేస్తే, అరుదుగా కొందరికి కొద్ది రోజుల్లో విపరీతమైన దురద వస్తోందని. భయపడనక్కరలేదు, అరుదైనదే. కాని రోజూ వాడేవారు తమంతట తాము టక్కున ఆపకుండా, ఎలా తగ్గించుకోవాలో డాక్టరును అడగటం మంచిది.

ఒకే మందు రెండు సార్లు

మన ఇళ్ళలో జరిగే పెద్ద పొరపాటు ఇది. దద్దుర్లకు సెట్రిజిన్ వేస్తాము. అదే రోజు జలుబు చేసిందని జలుబు మాత్ర వేస్తాము. ఆ జలుబు మాత్రలో క్లోర్‌ఫెనిరమినో, సెట్రిజినో అప్పటికే కలిసి ఉంటుంది. దగ్గు మందులో ఇంకొంచెం. పేర్లు వేరు, రంగులు వేరు, లోపలి సరుకు ఒకటే. షీటు వెనక పెద్ద అక్షరాల కంపెనీ పేరు కాదు, దాని కింద చిన్న అక్షరాల మందు పేరు చదవండి. చదవటం రాకపోతే బడికి వెళ్ళే బిడ్డతో చదివించండి. మేము ఇంగ్లీషు పీరియడ్‌లో పిల్లలతో ఖాళీ షీట్లు తెప్పించి చదివిస్తున్నాము. ఇది కూడా తాలీమే.

లెవోసెట్రిజిన్‌తో మాంటెలుకాస్ట్ కలిపిన మాత్ర కూడా విరివిగా అమ్ముడవుతోంది. మాంటెలుకాస్ట్ వల్ల కొందరిలో చిరాకు, పీడకలలు, దిగులు, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనలు కలగవచ్చునని 2020లో అమెరికాలో దానికి అతి గట్టి హెచ్చరిక చేర్చారు. ఉత్త దద్దుర్లకు దాన్ని షాపులో అడిగి తెచ్చుకోవద్దు. డాక్టరు రాస్తే వాడండి, కాని బిడ్డ ప్రవర్తన మారితే వెంటనే చెప్పండి.

ఇంకా ప్రమాదం, అలర్జీ మాత్రతో పాటు షాపులో కలిపి ఇచ్చే తెల్లని బుల్లి స్టెరాయిడ్ మాత్ర. ఒక్క పూటలో హాయిగా ఉంటుంది. అందుకే జనం అదే అడుగుతారు. నెలల తరబడి వాడితే షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి, ముఖం ఉబ్బుతుంది. పొట్లంలో విడిగా ఇచ్చే మాత్రలు తీసుకోకండి. పేరున్న షీటు, బిల్లు అడగండి. అడగటం మన హక్కు.

ఈ మాత్ర చాలని సమయం

ఇది అన్నిటికన్నా ముఖ్యం. మా బంధువుల ఇంట్లో ఒక పెళ్ళి. వలీమా భోజనాలు జరుగుతున్నాయి. మాకు మేనమామ వరసయ్యే పెద్దాయన పంటి నొప్పికి ఒక మాత్ర వేసుకున్నారు. పావుగంటలో ఒళ్ళంతా దద్దుర్లు. ఎవరో సెట్రిజిన్ ఇచ్చారు. ఇంతలో పెదవులు ఉబ్బాయి, గొంతు బొంగురుపోయింది, కళ్ళు తిరుగుతున్నాయన్నారు. "మాత్ర వేశాంగా, అరగంట చూద్దాం" అన్నాము. అన్నవారిలో మేమూ ఉన్నాము. అక్కడే వడ్డన చేస్తున్న మన పిల్ల ఒకామె నర్సు. ఆమె పరుగున వచ్చి, "మామూ, ఒక్క నిమిషం కూడా చూడొద్దు. 108కి ఫోను చేయండి. ఆయన్ను నిలబెట్టకండి, నడిపించకండి" అని గదమాయించింది. ఆసుపత్రిలో తొడ కండకు అడ్రినలిన్ ఇంజెక్షను ఇచ్చారు. అల్లాహ్ దయ వల్ల బతికారు. ఆ అరగంట ఆగి ఉంటే ఏమయ్యేదో డాక్టరుగారు చెప్పక్కర లేకుండానే మాకు తెలిసింది.

కనుక గుర్తుంచుకోండి. దద్దుర్లతో పాటు నాలుక, పెదవులు, గొంతు వాచటం, మాట బొంగురుపోవటం, ఊపిరాడకపోవటం, పిల్లికూతలు, కళ్ళు తిరగటం, స్పృహ తప్పటం, ఆగని వాంతులు — వీటిలో ఏది కనబడినా అది మాత్రతో తీరేది కాదు. అప్పుడు ప్రాణం నిలిపేది అడ్రినలిన్ ఒక్కటే. మనిషిని పడుకోబెట్టి కాళ్ళు కాస్త ఎత్తులో ఉంచాలి. ఆయాసం ఎక్కువగా ఉంటే కూర్చోబెట్టాలి. వెంటనే 108. ఏ మందు వల్ల అలా జరిగిందో ఆ పేరు చీటీ మీద రాసి, జేబులో ఎప్పుడూ ఉంచుకోవాలి. మా మేనమామగారి జేబులో ఇప్పుడు ఆ చీటీ ఉంది.

ఇంకొక రకం కూడా ఉంది. మాత్ర తప్పు కాదు, జబ్బే వేరు. పండగకు పెట్టుకునే నల్ల మెహందీలో తలరంగులో వాడే రసాయనం కలుపుతారు. దానితో చేతులు పొక్కితే అది దద్దురు కాదు, తగిలిన చోట వచ్చే చర్మపు వాపు. బీళ్ళలో పెరిగే వయ్యారిభామ మొక్క తగిలి మెడ, ముఖం నల్లబడి దురద పెట్టటమూ అలాంటిదే. వీటికి అలర్జీ మాత్ర అంతగా పని చేయదు. తగలకుండా చూసుకోవటం, చర్మవైద్యుల లేపనం, ఇవే దారి. మన అసలు మెహందీ ఆకు రుబ్బి పెట్టుకుంటే ఎర్రగానే పండుతుంది. నల్లగా పండేదాన్ని బిడ్డల చేతులకు పెట్టకండి.

చివరి మాట

మా కుర్రవాడి సంగతి ముగించి సెలవు తీసుకుంటాము. తల్లినీ బిడ్డనూ చర్మవైద్యుల దగ్గరికి మేమే తీసుకువెళ్ళాము. ఆయన పాత మాత్ర ఆపి, రోజుకొక లోరటడిన్ రాశారు. పదిహేను రోజుల్లో వాడు మొదటి పీరియడ్‌లో కళ్ళు తెరుచుకుని కూర్చున్నాడు. ఆరేడు నెలలకు దద్దుర్లూ తగ్గాయి, మాత్రా ఆగింది. ఒకనాడు తరగతిలో అందరి ముందు, "వీడు నిద్రమొద్దు కాదు. వీడు మందు మత్తులో కూడా బడి మానకుండా వచ్చినవాడు. తప్పు మాది" అని చెప్పాము. వాడు తల వంచుకున్నాడు. పిల్లలు ఆ రోజు నవ్వలేదు. అయినా మాత్ర పదిహేను రోజుల్లో మారింది గానీ, ఆ పేరు వాణ్ణి వదలటానికి రెండేళ్ళు పట్టింది. పదో తరగతిలో లెక్కల్లో మంచి మార్కులు తెచ్చుకున్నాడు. మిఠాయి తెచ్చి మా చేతిలో పెట్టినప్పుడు మాకు సంతోషం కంటె సిగ్గే ఎక్కువ కలిగింది.

కనుక తల్లులకు ఒక మనవి. బిడ్డకు ఏ మందు వేస్తున్నా బడిలో ఉపాధ్యాయునికి ఒక్క మాట చెప్పండి. మా తోటి ఉపాధ్యాయులకు ఇంకొక మనవి. నిద్రపోయే బిడ్డను నిలబెట్టే ముందు, "ఏం మందు వేసుకుంటున్నావు బేటా?" అని ఒక్కసారి అడగండి. సంఘం పెద్దలకు కూడా ఒక సూచన. మనం ఏటా ఇచ్చే నోటుపుస్తకాల అట్ట లోపల ప్రతి బిడ్డకూ పడని మందు పేరు, పడని తిండి పేరు, 108 నంబరు రాసుకునే నాలుగు గీతలు అచ్చు వేయిద్దాము. ఖర్చు పెద్దగా ఉండదు.